బండి కింద చాముండేశ్వరి

చాముండేశ్వరి గారికి ఒక జబ్బుంది. ఏ పనైనా నీ వల్ల కాదంటే చాలు, ఎందుకు కాదో చూసేదాకా అన్నం సహించదు. కెనడాలోని సర్రీలో ముప్పై ఏళ్లు కాన్పులు చేసి రిటైరైన డాక్టరమ్మ ఆవిడ. అరవై తొమ్మిదో ఏట కూడా ఆవిడకు కొరుకుడు పడనిది ఇంటి ముందే ఉంది. అది భర్త రంగనాథ్ గారి పాత పికప్ ట్రక్కు.

ఇండియా నుంచి విద్యార్థులు పుట్టలు పగిలినట్టు వచ్చిపడుతున్న ఆ 2023లో, చుట్టుపక్కల తెలుగు పిల్లల పరుపులూ టేబుళ్లూ అన్నీ దాని మీదే మారేవి. రెండేళ్లకోసారి రంగనాథ్ గారు దాని కింద దూరి ఫ్యూయల్ ఫిల్టర్ మార్చేవారు. గుప్పెట్లో పట్టే డబ్బా, దానికి మూడు గంటలు. మోచేతులు గీరుకుపోయి, బండి తయారుచేసినవాణ్ణి తిట్టుకుంటూ బయటికొచ్చేవారు. సాయం చేస్తానంటే మాత్రం భార్యను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఎందుకు రానివ్వరన్నది ఆవిడకు ఏళ్ల తరబడి తెగని ప్రశ్న.

ఆవిడకు ఇంకో కినుక కూడా ఉంది. ఏటా అనంత వ్రతం నాడు భర్త చేతికి పద్నాలుగు ముడుల ఎర్ర తోరం కట్టేవారు. రెండు రోజుల్లో అది మాయం. ఎక్కడో జారిపోయిందనేవారు ఆయన. దేవుణ్ణి నమ్మని ఇంజనీరు, తీసి పారేసి ఉంటారని ఆవిడ అనుకునేవారు. పైకి అనకపోయినా మనసు నొచ్చుకునేది.

ఆగస్టు ముప్పై ఒకటిన వర్ష అనే వరంగల్ అమ్మాయి సాయంత్రం నాలుగింటికల్లా తను అద్దెకుంటున్న బేస్‌మెంట్ ఖాళీ చెయ్యాలి. నాలుగు దాటితే సామాను వానలో పెడతానన్నాడు ఇంటి ఓనరు. నెలాఖరు కావడంతో అద్దె ట్రక్కు ఒక్కటీ దొరకలేదు. తీరా చూస్తే ఈ ట్రక్కు వీధి చివరిదాకా వెళ్లి, దగ్గుతూ వెనక్కొచ్చి చతికిలబడింది. ఫిల్టర్ పూడుకుపోయిందని రంగనాథ్ గారు తేల్చారు. కొత్తది షెడ్డులో ఉంది. ఆయన కుడి భుజానికేమో ఆపరేషనై మూడు వారాలే అయింది.

నేను దూరతానన్నారు చాముండేశ్వరి గారు. ఆయన మొహం మారిపోయింది. కళ్లలో పెట్రోలు పడుతుందన్నారు, నడుం పట్టేస్తుందన్నారు. ఇంత కంగారెందుకో ఆవిడకు అంతు పట్టలేదు. చక్రాలకు కట్టెలు అడ్డం పెట్టించి, అట్టముక్క పరుచుకుని దూరిపోయారు.

ఫిల్టర్‌ను బండి తయారుచేసినవాళ్లు టాంకు పైన, అడుగు చట్రం దూలానికి లోపలి వైపు ఇరికించారు. చూపు అందితే చెయ్యి పట్టదు, చెయ్యి పెడితే చూపు అందదు. రెండు గొట్టాల్లో ఒకటి ఊడింది. రెండోదాని క్లిప్పు మట్టితో బిగుసుకుపోయింది. పెట్రోలు మోచేతి మీదుగా చంకలోకి కారింది. రంగనాథ్ గారు పైనుంచి కుడికి, కాదు ఎడమకి అంటుంటే నోరు మూసుకోమన్నారు. రెండు గంటలు గడిచాయి. బండి పక్కనే నిలబడ్డ వర్ష కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

చివరికి ఆవిడ టార్చి ఆర్పేసి కళ్లు మూసుకున్నారు. ముప్పై ఏళ్లు చూపు అందని చోట వేళ్లతోనే కదా పని చేసింది. వేళ్లు క్లిప్పును తడిమి, సందు కనిపెట్టి నొక్కాయి. గొట్టం ఊడింది. ఫిల్టర్‌ను పట్టి ఉంచే ఇనుప పట్టీ మీద అప్పుడు మరేదో తగిలింది. జిడ్డుగా, ముడులు ముడులుగా ఉంది. వేలితో లెక్కపెట్టారు. పద్నాలుగు. దాని పక్కన అలాంటిదే ఇంకోటి, ఆ పక్కన మరోటి. మొత్తం తొమ్మిది తోరాలు.

ఒక్క దారమూ తెగకుండా కొత్త ఫిల్టర్ బిగించి బయటికొచ్చేసరికి రెండున్నర. రెండోసారి తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. వర్ష గబగబా ఎక్కి కూర్చుంది. స్టీరింగ్ ముందు కూర్చున్న చాముండేశ్వరి గారు కిటికీ దించి భర్తను అడిగారు.

"ఎందుకండీ?"

ఆయన ఎడం చేత్తో చక్రం కింది కట్టె లాగుతూ చెప్పారు.

"నేను నమ్మను. నువ్వు నమ్ముతావుగా. నా చేతికుంటే నా ఒక్కడికే పనిచేస్తుంది. అక్కడుంటే బండెక్కిన పిల్లలందరికీ పనిచేస్తుందని..."

ఆవిడ గేరు వేసి బండి కదిపారు. నాలుగింటికి పది నిమిషాల ముందే బేస్‌మెంట్ ఖాళీ అయింది.

సెప్టెంబర్ చివర్లో అనంత వ్రతం వచ్చింది. చాముండేశ్వరి గారు ఆ ఏడు మూడు తోరాలు ముడివేశారు. ఒకటి తను కట్టుకుని, ఒకటి ఆయన చేతికి కట్టి, మూడోది పట్టుకుని అట్టముక్క కోసం షెడ్డులోకి నడిచారు.