తోడికోడళ్ల రెండు స్లైడ్లు

కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను పాథాలజిస్టుగా చేరింది రెండు వేల పది దాటిన కొత్తలో. మాకు రోగుల ముఖాలు కనబడడం అరుదు. ఆపరేషన్ గది నుంచి వచ్చిన కండ ముక్కను మైనం దిమ్మలో పొదిగి, పలచటి పొరలుగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి చదవడమే మా పని. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ఒకటి నా బల్ల మీద ఉండేది. ముక్కలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటు కూడా ఇప్పుడు ఇష్టంగానే గుర్తొస్తుంది.

రొమ్ము కేన్సర్ ఒక్క పేరే గానీ ఒక్క జబ్బు కాదు. గడ్డ చిన్నదైనా దాని రకం తేల్చాలి. అది హార్మోన్లతో పెరిగేదా, హెర్‌టూ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా, కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయి అన్నవి చూస్తాం. చికిత్స దాన్ని బట్టే ఉంటుంది.

ఒకరోజు మా సర్జన్ ఫోన్ చేశారు. ధర్మపురి దగ్గరి పల్లెకు చెందిన గంగమణికి రొమ్ము గడ్డ ఆపరేషన్ బాగానే జరిగిందట. కానీ రాసిచ్చిన మాత్రలు ముట్టడం లేదట. మీరొకసారి మాట్లాడండి అన్నారు.

గంగమణి తన తోడికోడలు శంకరవ్వతో వచ్చింది. శంకరవ్వకు అంతకు ముందే మా దగ్గరే అదే ఆపరేషన్ అయింది. కీమో సూదులు పూర్తయి, తలకు కట్టిన రుమాలు కింద జుట్టు అప్పుడే మొలుస్తోంది.

"అక్కకు సూది మందు ఎక్కించిండ్రు. నాకు రోజుకొక గోలీ అన్నరు," అంది గంగమణి, తల దించుకుని. "ఇగ లాభం లేదనే గద, డాక్టరమ్మా? దుబాయిల ఉన్న మా ఆయనకు సుత గదే చెప్పిన."

శంకరవ్వను అడిగాను, ఆమె స్లైడు కూడా చూపించవచ్చా అని. "చూపియ్యుండ్రి," అంది.

ముందు గంగమణి స్లైడు పెట్టాను. హార్మోన్‌ను పట్టుకునే కణాలకు గోధుమ రంగు అంటుతుంది. ఆమె కణాలన్నిటికీ అంటింది. మీ గడ్డ హార్మోన్ బలంతో నెమ్మదిగా పెరిగే రకం, ఆ బలం అందకుండా గోలీ అడ్డుపడుతుంది, అందుకే కీమో అక్కర్లేదు అని చెప్పాను. శంకరవ్వ స్లైడులో ఆ రంగు ఎక్కడా లేదు. హెర్‌టూ కూడా లేదు. గోలీకి లొంగని రకం అని ఆమెకూ చెప్పాను.

శంకరవ్వ మైక్రోస్కోపు నుంచి కన్ను తీసింది.

"నాది మొండిదన్నట్టు," అంది. "గందుకే గట్టి మందు వెట్టిండ్రు." తర్వాత తోడికోడలి వైపు తిరిగింది. "నిన్ను ఇడిసిపెట్టలే పిల్లా. నీకు గా బాధ వద్దన్నరు. ఇయ్యాల్టి సంది గోలీ ఏసుకో. నేనే ఇస్త."

గంగమణి ఏడ్చింది. అక్కడి నుంచే దుబాయికి ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకు, నాది గోలీకే పోతదట," అని భర్తకు చెప్పింది.

ఆమె మాత్రల కోర్సు పూర్తి చేసింది. నేను రిటైరయ్యే వరకూ ఇద్దరూ కలిసే పరీక్షలకు వచ్చేవాళ్లు, జబ్బు తిరగబెట్టలేదు.

తక్కువ మందు ఇస్తే డాక్టర్లు తన మీద ఆశ వదులుకున్నారని రోగి అనుకోవచ్చు. ఎందుకు తక్కువో చెప్పకపోతే, రకం ఎంత సరిగ్గా తేల్చినా ఆ మందు కడుపులోకి పోదు.