చేతులు ఆనించకుండా

ఈ ఉదయం నార్సింగిలో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కగానే కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాసన తగిలింది. నాకంటే ముందు దిగిపోయిన పెద్దావిడ ఎవరో మోకాళ్లకు రాసుకుని ఉంటారు. తొమ్మిదో అంతస్తు వచ్చేదాకా ఆ వాసనలోనే నిలబడి, అదే నూనె రాసుకునే వరలక్ష్మి గారిని తలుచుకున్నాను.

ఆరేళ్ల కిందట కొత్తగూడలో ఒక జిమ్‌లో లేడీస్ బ్యాచ్‌కు నేను ట్రైనర్‌ని. వచ్చేవాళ్లు ఎక్కువగా ఐటీ ఆఫీసుల అమ్మాయిలు. ఒకరోజు పదకొండు గంటలకు, జిమ్ ఖాళీగా ఉన్నప్పుడు, కాటన్ చీర కట్టుకుని, కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూస్ వేసుకుని ఒకావిడ వచ్చారు. అరవై దాటి ఉంటాయి. బరువు చూద్దామంటే తల అడ్డంగా ఊపారు. "తగ్గడానికి రాలేదమ్మా. ఉన్న కండ పోకుండా చూసుకుందామని వచ్చాను" అన్నారు. కుర్చీలో కూర్చుని లేచి చూపించారు. రెండు చేతులూ ఆనించి, మూడో ప్రయత్నంలో లేవగలిగారు. "మొన్న బస్సు మెట్టు ఎక్కలేకపోతే కండక్టరు చేయి పట్టుకుని లాగాడు. ఇక లాభం లేదనుకున్నాను" అని నవ్వారు. వాళ్లది కాకినాడ. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసి రిటైరై, చందానగర్‌లో ఒక్కరే ఉంటున్నారు.

ఆవిడ వచ్చే గంట కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. గోడకు ఆనుకుని నిలబడమంటే నిలబడి, కాళ్లు వణుకుతుంటే పాత ట్రంక్‌కాల్ ఆపరేటరు గొంతుతో "మూడు నిమిషాలు అయ్యాయండి, పొడిగించమంటారా?" అని తనను తానే అడిగేవారు. "పొడిగించుండ్రి మేడం" అనేదాన్ని నేను.

మూడో వారంలో నా చేయి ఆవిడ మోచేతి కింద ఉండగా చెప్పారు. "స్వప్నా, నీకు తెలిస్తే మంచిదని డాక్టరుగారు అన్నారు. నాకు హెచ్‌ఐవీ ఉంది. మా ఆయన పోయినప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లు దాటింది. మందులు మానకుండా వేసుకుంటాను, రక్తపరీక్షలో కనపడనంతగా అణిగిపోయింది. కానీ ఇన్నేళ్ల జబ్బు, మొదట్లో వాడిన ఘాటు మందులు, పైన వయసు, అన్నీ కలిసి నా ఈడువాళ్లకంటే ముందే కండను కరిగిస్తున్నాయట."

నేను చేయి తీసేశాను. అనుకుని తీయలేదు, అదే వెనక్కి వచ్చేసింది. ఆవిడ చూశారు. కుర్చీ వీపు పట్టుకుని, "రేపు వస్తానమ్మా" అని వెళ్లారు. ఆ మధ్యాహ్నమే వెళ్లి ఓనరుతో చెప్పేశాను. కీడు తలపెట్టి కాదు, భయంతో. చెమట, మ్యాట్లు, అమ్మాయిలు అంటూ ఏదేదో చెప్పాను. మర్నాడు ఓనరు ఆవిడను తలుపు దగ్గరే ఆపి, ఇన్సూరెన్స్ ప్రాబ్లం ఉంది మేడం అన్నాడు. ఆవిడ నా వైపు చూసి, టవల్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగారు. ఆ మెట్లు ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నేను కదల్లేదు.

తర్వాత పదిరోజులు అన్నం సయించలేదు. మా బస్తీ దవాఖానలో నర్సక్కను అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ముట్టుకుంటే రాదు, చెమటతోటి రాదు. గిది గూడ తెల్వకుండ ట్రైనర్ ఎట్లయినవే?" అంది. జిమ్ ఫారంలోంచి రాసుకున్న అడ్రసుతో అక్కడినుంచే చందానగర్ బస్సెక్కాను.

తలుపు తీసిన వరలక్ష్మి గారిని చూడగానే ఏడ్చేశాను. "తప్పయింది మేడం" అన్నాను. కూర్చోమన్నారు. కాఫీ పెట్టి తెచ్చారు. నేను తాగుతానా లేదా అని చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను తాగాక మాట్లాడారు.

"భయపడ్డావు, దానికి నాకేం కోపం లేదు. తెలిసిన కొత్తలో నా ఒళ్లంటే నాకే భయంగా ఉండేది. కానీ వెళ్లి చెప్పావు చూడు, అది తప్పు. ముప్పై ఏళ్లు ఎక్స్ఛేంజ్‌లో ఊరివాళ్ల గుట్లన్నీ నా చెవిలో పడ్డాయి. ఒక్కటీ నా నోట రాలేదు. నీ ఉద్యోగమూ అలాంటిదే. తమ చేతకానితనం ఎవరికీ చూపించని మనుషులు నీ ఎదుట చూపిస్తారు."

నేను ఖాళీ కప్పు వంటింట్లో పెట్టి వచ్చాను. ఆవిడే, "డైనింగ్ టేబుల్ కుర్చీ పనికొస్తుందా?" అన్నారు.

"పనికొస్తది మేడం. ఇగ రోజూ వస్త."

అలాగే వెళ్లాను. నీళ్ల సీసాలే బరువులు. డాక్టరు తినమన్న కోడిగుడ్డును ఆవిడ ముక్కు మూసుకుని మింగేవారు, మింగాక నన్ను తిట్టేవారు. తుంటి నొప్పి పట్టి ఒక వారం అంతా వృథా అయింది. అయిదో నెలలో ఒక ఉదయం, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి నిటారుగా లేచారు. నేను చప్పట్లు కొట్టబోతే ఆపి, "ఉండు, గాలివాటంగా లేచానేమో" అని కూర్చుని మళ్లీ లేచారు. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

రెండేళ్ల తర్వాత కాకినాడలో వాళ్ల అక్కయ్య దగ్గరికి వెళ్లిపోయారు. మొన్న ఫోన్ చేసి, "అక్కయ్య బాత్రూంలో జారింది స్వప్నా. నేనొక్కదాన్నే లేపి కూర్చోబెట్టాను" అన్నారు. మీ గురించి రాయొచ్చా అని అడిగాను. రాయమన్నారు. వరలక్ష్మి అనే పేరు కూడా ఆవిడ ఎంచి ఇచ్చిందే. అసలు పేరు వేరు.

జిమ్ ఎప్పుడో మానేశాను. ఇప్పుడు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి నేర్పుతున్నాను. మొదటిరోజు బరువు చూడను. ఏ పని ఎవరి సాయం లేకుండా చేసుకోవాలనుందో అడుగుతాను. ఈ ఉదయం తొమ్మిదో అంతస్తులో ఆ మాట అడిగితే, కొత్తగా చేరిన పెద్దాయన భార్యను కూరగాయలకు పంపించి తలుపు దగ్గరగా వేశారు. "అమ్మా, ఒక సంగతి చెప్పాలి" అన్నారు. కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకున్నాను.

ఆయన చెప్పింది ఇక్కడ రాయను.