నర్సుబాయి తిట్ల పరీక్ష
గౌలిపురలో పాలు పోసే నర్సుబాయి తల్లి, అల్జీమర్స్ వచ్చి, చివరికి కన్నబిడ్డనే గుర్తుపట్టకుండా పోయింది. ఆ జబ్బును ముందే పట్టే పరీక్ష మన దగ్గర ఇంకా రాలేదని డాక్టరు చెప్పగానే, నర్సుబాయి కొంగు దోపుకుని తనకూ అది వస్తే తెలిసేలా తనే ఒకటి పెట్టుకుంది. రోజూ పొద్దున తోటికోడలు అండాలు గోడ మీదుగా, "అక్కా, నీ పాలన్నీ నీళ్లే!" అనాలి. "నీళ్లు నా పాలల్ల లేవే, నీ పప్పుల ఉన్నయి!" అని నర్సుబాయి తిట్టాలి. తిట్టు ఆగిందంటే జబ్బు మొదలైనట్టే. "తిట్లు తినుడే నా నౌకరీ అయింది," అని అండాలు నవ్వేది.

ఒకనాడు అండాలు రెండుసార్లు అరిచినా నర్సుబాయి పలకలేదు, అట్లాగే చూస్తూ నిలబడింది. అండాలు పరుగున వచ్చి ఆమె చేయి పట్టుకుని బావురుమంది. నర్సుబాయి నోట్లో పాన్ తాపీగా దవడకు తోసి, "ఏందే గీ లొల్లి? రోజూ గదే తిట్టంటే నాకే యాష్టకొచ్చింది. కొత్తది దేవులాడుతున్న," అంది.

అండాలు ముక్కు చీదుకుంటూ, "జల్ది తిట్టక్కా," అంది.