కంచె అవతలి నత్తలు

వానలో తడిసిన బీరు వాసన ఎక్కడ తగిలినా నాకు పార్టీలు గుర్తు రావు, నత్తలు గుర్తొస్తాయి. మొన్న ప్లేనోలో మా ఇంట్లో గ్రిల్ పార్టీ అయిన మర్నాడు పొద్దున, పెరట్లో ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసుల్లో వాననీళ్ళూ బీరూ కలిసి పులిసిన వాసన గుప్పుమంది. గ్లాసులు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. లోపల ఏదైనా మునిగి ఉందేమోనని ఒంగి చూశాను. ఏమీ లేదు. అయినా మిగతా గ్లాసుల్లోకి కూడా ఒక్కొక్కటిగా చూశాను.

శాన్ రామన్‌లో నేను నాలుగో క్లాసు చదువుతున్న ఏడాది చలికాలంలో మా అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. తెనాలి వైపు ఆస్పత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూచోడం చేతకాదు. అమ్మా నాన్నా ఆఫీసులకి, నేను బడికి వెళ్ళిపోయాక ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుంది? పెరడు తవ్వడం మొదలుపెట్టింది. అక్కడ చలికాలమే వానాకాలం. ఎండాకాలమంతా గడ్డివామి రంగులో ఉండే కొండలు డిసెంబరు తిరిగేసరికి పచ్చగా మారిపోయి, పొద్దున్నే వాటి మీంచి పొగమంచు దిగి మా వీధిలోకి వచ్చి కూచునేది. తడిసిన కంచె చెక్కల వాసన, వంటింటి కిటికీలోంచి వచ్చే ఇంగువ పోపు వాసన, తవ్విన మట్టి వాసన అన్నీ కలిసి ఆ పెరడంతా ఎప్పుడూ ఒకటే తేమ. మెంతికూర, పాలకూర, చుక్కకూర మడులు కట్టి, గోంగూర గింజలు మటుకు ఎండలు ముదిరేదాకా బయట పెట్టకూడదని, కాఫీ కప్పుల్లో వేసి వంటింటి కిటికీ దగ్గర వరసగా పేర్చింది. ఉగాదికి మన పెరటి చుక్కకూరతో పప్పు చేసుకు తినాలని అమ్మమ్మ పట్టుదల.

మొలకలు వేలెడు ఎత్తు లేవగానే నత్తలు వచ్చాయి. రావడం మేమెప్పుడూ చూడలేదు. పొద్దున లేచేసరికి ఆకులు జల్లెడైపోయి, మట్టి మీదా, రాళ్ళ మీదా, మా అద్దాల తలుపు మీద కూడా వెండి చారలు ఉండేవి. ఒకరోజు ఆ చార తలుపు మీద నా మొహం ఎత్తుదాకా పాకి, అక్కడ గుండ్రంగా తిరిగి, మళ్ళీ కిందికి దిగిపోయింది. నేను రాత్రి సోఫాలో పడుకున్నప్పుడు అది అక్కణ్ణించి నన్ను చూసి పోయిందని నా భయం. గుల్ల ఉన్నవీ లేనివీ రెండు రకాలూ వచ్చేవి. లేనివాటిని స్లగ్స్ అంటారని నాన్న చెబితే, "ఇల్లు పోగొట్టుకున్న నత్తలన్నమాట, పాపం," అంది అమ్మమ్మ.

పాపం అంటూనే వాటి మీద యుద్ధం ప్రకటించింది. నాన్న ఉప్పు చల్లారు. ఉప్పు పడ్డ స్లగ్ నురుగు కక్కుతూ మెలితిరిగి, చూస్తుండగానే కరిగి చిక్కటి జిగురైపోయింది. ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు. పైగా ఆ మూల పాలకూర కూడా చచ్చింది. "మట్టిని చంపుకుంటే ఏం మిగులుద్దయ్యా!" అని అమ్మమ్మ ఉప్పు డబ్బా లోపల పెట్టేసింది. తరవాత అమ్మ ఎవరో ఆంటీ చెప్పారని కాఫీ పిప్పి, నలగ్గొట్టిన గుడ్డు పెంకులు మొక్కల చుట్టూ పోసింది. వాన పడితే అవి కొట్టుకుపోయేవి. నాన్న పెరుగు డబ్బాలు మట్టిలో అంచుదాకా పాతి, ఆ వాసనకి వచ్చి పడతాయని బీరు పోశారు. పొద్దున్నే ఆ డబ్బాల్లో ఉబ్బి తెల్లబడ్డ శరీరాలు కదలకుండా తేలేవి. వాటిని పారబోసేటప్పటి వాసనే నన్ను ఇప్పటికీ వదలనిది. చివరికి అమ్మమ్మ తన పద్ధతికి వచ్చింది. ఆస్పత్రిలో లాగా రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, సందెవేళా, తెల్లారగట్లా ఆకుల అడుగులు తిరగేసి, ఒక్కొక్కదాన్నీ ఏరి సబ్బునీళ్ళలో వేసేది. నేను ఐస్‌క్రీం డబ్బా పట్టుకుని వెనకాలే.

అప్పుడే తెలిసింది, మా కంచె అవతల కూడా ఎవరో ఇదే పని చేస్తున్నారని. ఆ కంచె నాన్నకన్నా ఎత్తు. అవతలి ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుందని మాత్రం తెలుసు. మొహం సరిగ్గా చూసిన గుర్తు లేదు. గరాజ్ తలుపు లేచేది, కారు లోపలికి పోయేది, తలుపు పడేది, అంతే. కానీ రోజూ పొద్దున్నే పొగమంచులోంచి ఆవిడ చప్పుడు వినబడేది. టంగ్. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టంగ్. రేకు డబ్బాలో నత్త పడ్డ చప్పుడు. మనిషి కనబడదు, అడుగు వినబడదు, దగ్గు కూడా ఉండదు. పొగమంచులో ఆ చప్పుడొక్కటే కంచె పొడుగునా నడిచివెళ్ళేది. నాకు భయమేసి అమ్మమ్మ చీర పట్టుకునేదాన్ని. అమ్మమ్మ మాత్రం, "ఆవిడ కూడా లేచింది," అని తృప్తిగా తన పనిలో పడేది.

ఉగాది ఇంకా రెండు రోజులుందనగా ఆ చప్పుడు ఆగిపోయింది.

ఆ రోజు స్కూలు నుంచి వచ్చేసరికి సన్నగా వాన. కంచె చెక్కల సందుల్లోంచి నత్తలు దిగుతున్నాయి. పట్టపగలు, పెద్దవీ చిన్నవీ, ఒకదాని మీంచి ఒకటి, ఏ తొందరా లేకుండా. కంచె అడుగుభాగమంతా ఎవరో నాలుకతో నాకినట్టు మెరుస్తోంది. ఎన్ని ఏరినా వెనకాల ఇంకా వస్తున్నాయి. మర్నాడు పొద్దున కూడా డబ్బా చప్పుడు లేదు. అమ్మమ్మ కంచె దగ్గర చాలాసేపు నిలబడి, రాత్రి భోజనాల దగ్గర కదిపింది.

"పక్కావిడ అలికిడి లేదర్రా. ఒకసారి చూసి రాకూడదూ?"

"ట్రిప్‌కి వెళ్ళుంటుందిలే అమ్మా," అంది అమ్మ.

"పిలవకుండా వాళ్ళ పెరట్లోకి వెళ్తే ట్రెస్‌పాసింగ్ అవుతుంది అత్తయ్యగారూ. ఇక్కడ అలా వెళ్ళకూడదు," అన్నారు నాన్న.

 అమ్మమ్మ అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడిగేసుకుంది.

ఉగాది పొద్దున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పెరట్లో మడులే కనబడలేదు. అమ్మ పులిహోరకి చింతపండు ఉడికిస్తోంది. నాన్న స్నానానికి వెళ్ళారు. అమ్మమ్మ తలంటుకుని, కొత్త నేతచీర మీద స్వెట్టరు, కాళ్ళకి నాన్న స్నీకర్లు వేసుకుని చుక్కకూర కోయడానికి బయల్దేరింది. మడిలో కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. అమ్మమ్మ బాధపడుతుందనుకున్నాను. ఆవిడ మడిని చూడనేలేదు, కంచె వైపే చూస్తోంది.

"అమ్మడూ, నాతో రా. నాకు ఇంగ్లీషు అందకపోతే నువ్వు చెబుదువుగాని."

పక్కింటి ముందు తలుపు బెల్ కొట్టాం. పలకలేదు. ఇంటి పక్కన చెక్క గేటుకి గడియ మాత్రమే ఉంది. అమ్మమ్మ అది తీసి లోపలికి నడిచింది. ఆ పెరట్లో మొక్కలన్నీ ఈనెలతో నిలబడి ఉన్నాయి. నేలమీద పడి ఉన్న తోటపని గ్లవుజుల వేళ్ళలోంచి నత్తలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. చివర చిన్న అద్దాల గది, మొక్కలు పెంచుకునేది. లోపలి ఆవిరికి అద్దాలన్నీ తెల్లబడి ఉంటే, ఆ తెలుపు మీద లోపలివైపు అతుక్కున్న నత్తల అడుగు భాగాలు అలలు అలలుగా కదులుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కింద, నా మోకాలి ఎత్తులో, ఒక అరచెయ్యి వచ్చి అద్దాన్ని ఆనుకుంది.

నేను కెవ్వుమన్నాను. అమ్మమ్మ అప్పటికే తలుపు తీసింది. పక్కింటావిడ కుండీల మధ్య పక్కకి పడి ఉంది. ఒక కాలు వంకరగా తిరిగింది, పెదాలు పగిలాయి, చేతికందేంత దూరంలో నీళ్ళు పోసే క్యాను ఖాళీగా పడుంది.

"మేడమ్! ఐ యామ్ నర్స్. డోంట్ మూవ్, డోంట్ మూవ్ అమ్మా," అంటూ అమ్మమ్మ పక్కన కూలబడి నాడి పట్టుకుంది. "పరిగెత్తు అమ్మడూ, మీ నాన్నని ఆంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమను. తుంటి విరిగింది, కదపకూడదని చెప్పు."

తడి జుట్టుతో ఉన్న నాన్నకి చెప్పి, నేను మళ్ళీ పరిగెత్తుకొచ్చేసరికి, అమ్మమ్మ తన స్వెట్టరు ఆవిడకి కప్పి, ఆవిడ చొక్కా చేతుల మీంచీ తెల్లజుట్టులోంచీ నత్తల్ని మెల్లిగా, పసిపిల్ల తలలో పేలు తీసినట్టు తీస్తోంది. ఆవిడ పైకి చూస్తూ ఇంగ్లీషులో ఏదో గొణుగుతోంది.

"ఏమంటోందే?"

"తింటూనే ఉంటాయట అమ్మమ్మా. ఆగవట. రాత్రంతా అవి తినడం వినబడుతూనే ఉందిట."

అమ్మమ్మ నత్తల్ని తీస్తున్న చెయ్యి ఆపి చెవి ఒగ్గింది. అప్పుడు నాకూ వినబడింది. గోటితో కాగితం గీస్తున్నట్టు, చాలా సన్నగా, నాలుగు వైపుల నుంచీ.

ఆ రోజు ఉగాది పచ్చడి మధ్యాహ్నం మూడింటికి తిన్నాం. చేదుందో తీపుందో ఎవరూ గమనించలేదు.

ఆవిడ పేరు మార్జరీ అని ఆంబులెన్స్ వచ్చాకే తెలిసింది. ఆపరేషన్ అయ్యాక అమ్మమ్మ, ఇండియన్ స్టోర్లో కొన్న పాలకూరతోనే పప్పు చేసి, నన్ను వెంటపెట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. మార్జరీ స్పూనుతో పప్పు కొంచెం కొంచెం తింటూ, తను లోపల పడి ఉన్నట్టు మీకెలా తెలిసిందని అడిగింది. నేను అమ్మమ్మకి తెలుగులో చెప్పాను.

"డబ్బా చప్పుడు రాలేదని చెప్పవే," అంది అమ్మమ్మ.

చెప్పాను. మార్జరీ స్పూను పక్కన పెట్టేసింది. "మీ మాటలు రోజూ వినేదాన్ని. ఇటుపక్క నేనున్నానని మీకు తెలుసనుకోలేదు," అని, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మొహం అటు తిప్పుకుంది.  నర్సు వచ్చి టైమైందనేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.

వేసవిలో మార్జరీని కూతురు ఆరెగాన్ తీసుకుపోయింది. ఇల్లు అమ్ముడైంది. అమ్మమ్మ తెనాలి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇద్దరూ లేరు.

పోయిన చలికాలం పనిమీద వెళ్ళి, ఆ వీధిలో కారు ఆపుకుని కాసేపు నిలబడ్డాను. మేమున్న ఇంట్లో ఇప్పుడు ఇంకెవరో తెలుగువాళ్ళున్నారు. ఆ ఇంటావిడ ప్రేమగా లోపలికి పిలిచి పెరడు చూపించింది. నేలంతా ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ తెల్ల రాళ్ళు. చెక్క కంచె పోయి, సందు లేని తెల్లటి వినైల్ ప్లాస్టిక్ గోడ వచ్చింది. నత్తలు వస్తాయా అని అడిగితే, "నత్తలా? ఇక్కడ ఒక్కటి కూడా చూళ్ళేదండీ," అంది ఆశ్చర్యంగా.

పక్కింట్లో ఎవరుంటారని అడిగాను. ఆవిడ గోడ వైపు చూసి, కాస్త ఆలోచించి, "ఉంటారండీ ఎవరో," అంది.