వేలు పెట్టిన చోటు

ముప్పై ఏళ్లుగా ఆ మత్తు డాక్టరు మెడను వేలితోనే తడిమి, నరం చోటు కనిపెట్టి సూది వేసేవాడు. కొత్త డాక్టరమ్మ స్కాన్ తెర చూసి వేస్తుంది. సర్జన్లంతా ఆమెనే అడుగుతుంటే ఆయనకు కడుపు మండిపోయేది.

ఆ రోజు నోరు తెరుచుకోని రోగికి, మెలకువలోనే ముక్కులోంచి ఊపిరి గొట్టం దించడానికి మెడలో సూది వేసి గొంతు మొద్దుబార్చాలి. ఆయన తలుపు దగ్గర తచ్చాడుతుంటే నర్సు నవ్వింది.

"ఆవిడ పనిలో వేలు పెట్టకండి సార్!"

అంతలో లోపలి నుంచి డాక్టరమ్మ పిలిచింది.

"సార్, మెడంతా పాత కాలిన మచ్చ. తెర మీద ఏమీ తెలియట్లేదు. మీరే వేలు పెట్టాలి."

ఆయన కళ్లు మూసుకుని తడిమి, "ఇదిగో, ఇక్కడ" అన్నాడు. ఆమె అక్కడే సూది వేసింది. గొట్టం సాఫీగా దిగింది.

"నాకూ నేర్పరూ?"

నేర్పితే తనకింకేం మిగులుతుంది? ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"ముందు ఆ స్కాన్ మిషన్ కట్టెయ్యమ్మా."