సర్వర్ పేరు బాపీకి పోయిన ఆదివారం

మొన్న ఆదివారం మా కంప్యూటర్ సెంటర్లో నా సర్వర్ పేరుని ఒక లాప్‌టాప్ ఎత్తుకుపోయింది. నవ్వకండి! పేరుతో పాటు నాకు రావాల్సిన పోస్టు కూడా పోయింది. ఎత్తుకుపోయినోడి మీద కేసు పెడదామంటే అదీ లేదు. రండి బాబూ, ఎవరికి ఏ పేరు కావాలో రాయించుకోండి అని తలుపులు బార్లా తీసి కూర్చున్నది నేనే. టీ తాగుతూ వినండి.

మా సెంటర్ మీకు తెలుసు కదా, గోల్‌బజార్లో బట్టల షాపు మీద అంతస్తు. ఓనరు బెంగాలీ ఆయన, అందరం దాదా అంటాం. ఆయన నన్ను మాధవి అని ఒక్కసారి కూడా పిలవలేదు, ఎప్పుడూ "మాధొబీ"యే. అక్కడ పాఠాలు చెప్పేది నేను. మెషీన్ మొరాయిస్తే విప్పేది నేను. ఫ్లాపీ ఇరుక్కుంటే పట్టకారు పట్టుకుని లాగేది నేను. సిస్టమ్ ఇన్‌ఛార్జి కుర్చీ మాత్రం ఖాళీ. "హోబే, హోబే, అవుతుందిలే" అంటూనే ఉన్నాడు దాదా.

ఇంతలో నిమ్‌పురా వైపు స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి, మా స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ పెట్టించాలి, మీ ల్యాబ్ ఎలా నడుస్తుందో ఒకసారి చూపించండి అన్నారు. దాదా కళ్లు మెరిసినాయి. "మాధొబీ, ఈ డెమో కొట్టినావంటే కుర్చీ నీదే!"

చిక్కేటంటే, ఆ డెమో పడిన ఆదివారమే భువనేశ్వర్లో నాకు రైల్వే క్లర్కు పరీక్ష. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నా హాల్ టికెట్టు వచ్చిన రోజు నుంచి మా ట్రాఫిక్ రైల్వే కాలనీలో ఏ క్వార్టరు ముందు నిలబడినా అదే మాట. పరీక్షకి ఎల్లనని చెప్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసినాడు.

"ఏటమ్మా? రైల్వే పరీక్స మానేసి ఆ బట్టల కొట్టు మేడ మీద ఏటి సేస్తావు?"

"నెట్‌వర్క్ చేస్తాను నాన్నా. ఇన్‌ఛార్జిని అవుతాను."

"ఎవుడు సెప్పినాడు?"

"దాదా చెప్పినాడు."

నాన్న కలిపిన అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సరే, నెట్‌వర్క్ సంగతి. మా ల్యాబ్‌లో ప్రతి మెషీన్‌కీ ఒక నెంబరు ఉండాలి, లేకపోతే ఒకదాన్ని ఒకటి పలకరించుకోలేవు. ఆ నెంబర్లు నేను చేత్తో పెట్టేదాన్ని. మా స్టూడెంట్లు ఊరుకుంటారా? కెలికేసేవారు. రెండు మెషీన్లకి ఒకే నెంబరు పడేది. రెండు క్వార్టర్ల గుమ్మం మీద ఒకే నెంబరు రాసేస్తే పోస్ట్‌మేన్ ఏం చేస్తాడు? అదే గొడవ! రోజుకొకసారి నేను కుర్చీల కిందా బల్లల కిందా దూరి సరిచేసుకోవడం.

అందుకని పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీ పెట్టి, ఒక పాత మెషీన్ని సర్వర్ చేసినాను. దాని మీద డీహెచ్‌సీపీ ఎక్కించినాను. అంటే ఏటంటే, ఏ మెషీన్ లేచినా "నాకో నెంబరు ఇయ్యండి" అని అరుస్తుంది, సర్వర్ ఖాళీగా ఉన్న నెంబరు తీసి ఇస్తుంది. నేను చెయ్యి పెట్టక్కర్లేదు. ఇక్కడితో ఆగి ఉంటే ఈరోజు మీకు ఈ కథ ఉండేది కాదు. కానీ నాకు మోజు పుట్టింది. నెంబర్లు ఎవరికి గుర్తుంటాయి, పేర్లుంటే బాగుండును కదా! హౌరా లోకల్ ఆగే స్టేషన్ల పేర్లు పెట్టినాను మెషీన్లకి. మాదపూర్, బాలీచక్, మేచేదా అని. పేర్లు చూసే డీఎన్ఎస్‌ని డీహెచ్‌సీపీతో ముడిపెట్టినాను. మెషీన్ నెంబరు తీసుకునేటప్పుడు తన పేరు కూడా చెప్తుంది, సర్వర్ ఆ పేరు ఎదురుగా ఆ నెంబరు తనే రాసేసుకుంటుంది. డైనమిక్ అప్‌డేట్ అంటారు.

ఆ రెండింటినీ కలపడానికి ఎన్ని తంటాలు పడ్డానో! ఒకచోట సెమీకోలన్ మర్చిపోతే మొత్తం చచ్చి కూర్చునేది. పేరు మార్చడానికి పర్మిషన్ లేదు అని ఒకటే ఎర్రర్. చివరికి విసుగెత్తి, ఎవరు ఏ పేరు చెప్తే ఆ పేరు రాసేసుకో, పాతది ఉంటే కొట్టేసి కొత్తది రాసుకో అని అన్ని తాళాలూ తీసేసినాను. వెంటనే పనిచేసింది! మాదపూర్ వచ్చి పేరు చెప్పుకుంది, బాలీచక్ చెప్పుకుంది. నేను చప్పట్లు కొట్టుకున్నాను. మరి నా సర్వర్ పేరేటి? "సర్వర్". అంతకంటే మంచి పేరు తట్టలేదు. దాని మీద వెబ్ పేజీ కూడా పెట్టినాను. సెంటర్ పేరు, పాఠాల వివరాలు, కింద చిన్న అక్షరాల్లో, తయారుచేసినది మాధవి. ఏ మెషీన్లో కూర్చుని "సర్వర్" అని కొట్టినా ఆ పేజీ తెరుచుకోవాలి. అదీ డెమో.

ఆదివారం పొద్దున్న. నాన్న మొహం చూడకుండా చీర సర్దుకుని వచ్చేసినాను. సెంటర్లో రజనీగంధ పూలు, పళ్లెంలో రసగుల్లాలు. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. "సర్వర్" అని కొడితే నా పేజీ, నా పేరు. బాగుంది.

అప్పుడు దిగినాడు బాపీ. దాదా భార్యకి తమ్ముడు. కలకత్తాలో ఏదో కోర్సు చేస్తున్నాడు, ఏ కోర్సో వాళ్ల అక్కకే తెలీదు. నల్ల అద్దాలు, భుజానికి లాప్‌టాప్ బ్యాగు. లాప్‌టాప్ అంటే మా ల్యాబ్‌లో అందరం వింతగా చూసినాం, నేనూ చూసినాను. ఖాళీ కేబుల్ కనిపిస్తే తీసి గుచ్చేసినాడు.

"ఆరే మాధొబీ దీదీ, ఏ సెట్టింగూ పెట్టకుండానే పట్టేసిందే!"

నా గొప్ప చూడండి. "అదే కదా మజా! ఎవరొచ్చినా మా సర్వర్ తీసుకుంటుంది" అని నవ్వినాను. నీ మెషీన్ పేరేటి నాయనా అని ఒక్క మాట అడిగినానా? లేదు. రసగుల్లా కూడా అందించినాను.

ప్రిన్సిపాల్ మేడమ్ గట్టి మనిషి. మీ మెషీన్లు మీకు పనిచేస్తాయి, నాకు నమ్మకం ఏటి అని, వాళ్ల స్కూల్ కంప్యూటర్ని రిక్షాలో పెట్టించుకుని మరీ వచ్చినారు! దాదాకి చెమటలు. నాకైతే పండగే. కేబుల్ పెట్టించినాను. స్విచ్చి వేసినారు. మెషీన్ లేచింది, నెంబరు తీసుకుంది. నేను మైకు లేని అనౌన్సర్‌లాగా, "చూడండి మేడమ్, కొత్త మెషీన్, ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు మీ చేత్తోనే సర్వర్ అని టైపు చెయ్యండి" అన్నాను.

ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టినారు. అందరం తెర వైపు వంగినాం.

దీఘా బీచ్. అలలు. ఆ అలల ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని, నల్ల అద్దాలతో, చొక్కా గుండీలు సగం విప్పుకుని బాపీ! కింద ఎర్రక్షరాలు ఎడమ నుంచి కుడికి పరుగులు, "వెల్‌కమ్ టు బాపీ'స్ వరల్డ్". గులాబీలు గిరగిరా తిరుగుతున్నాయి. ఏదో పాట కూడా ట్వింగ్ ట్వింగ్‌మని మొదలైంది.

పక్కన మేచేదాలో నొక్కినాను. బాపీ. బాలీచక్‌లో నొక్కినాను. బాపీ. ల్యాబ్ అంతా బాపీలే, నడుం మీద చేతులు పెట్టుకుని!

పరుగున వెళ్లి నా సర్వర్ తెర మీద లాగ్ ఫైలు, అంటే అది రాసుకునే చిట్టా, చూసినాను. అక్కడ చల్లగా రాసుంది. "సర్వర్" అనే పేరుకి పాత నెంబరు కొట్టివేత, కొత్త నెంబరు రాత. ఆ కొత్త నెంబరు బాపీ లాప్‌టాప్‌ది. వాడు దాని పేరు అదే పెట్టుకున్నాడు, అందులో తన సొంత వెబ్ పేజీ కూడా నడుపుతున్నాడు!

"ఎందుకు బాబూ ఆ పేరు?" అని చెవిలో అడిగినాను.

"బాగుంటుంది కదా దీదీ. సర్వర్ అంటే అందరికంటే పెద్దది కదా!"

కేబుల్ లాగేద్దామని చెయ్యి చాపినాను. అప్పుడే మేడమ్ గొంతు వినిపించింది. "భలే ఉందే! మా మెషీన్లో కూడా వచ్చేసిందే! ఎవరీ అబ్బాయి?"

దాదా నా వైపు చూసినాడు, బాపీ వైపు చూసినాడు. ఏమైనా చెప్పి గండం గట్టెక్కాలి కదా. "మా సిస్టమ్ ఇన్‌ఛార్జి మేడమ్! కలకత్తా నుంచి రప్పించినాం. ఈ నెట్‌వర్క్ మొత్తం ఈయనదే!"

"దాదా..." అన్నాను.

"మాధొబీ, హాత్ మత్ లగావో! నడుస్తున్నదాన్ని ముట్టుకోకు. చా తీసుకురా!"

తెచ్చినాను. టీ ట్రేలో పెట్టుకుని మరీ తెచ్చినాను. మేడమ్ బాపీని ఏవో అడుగుతున్నారు, వాడు ప్రతిదానికీ "ఆటోమేటిక్ మేడమ్, అంతా ఆటోమేటిక్" అంటున్నాడు. అబద్ధం అనడానికి కూడా లేదు. ల్యాబ్ ఆర్డర్ మాకే వచ్చింది. నిజంగా డీహెచ్‌సీపీ అంత బాగా పనిచేసిన రోజు మరొకటి లేదు.

సాయంత్రం దాదా పక్కకి పిలిచి, "చూడు మాధొబీ, మేడమ్ ముందు చెప్పేసినాను, ఇప్పుడు మాట మారిస్తే పరువు పోతుంది. బాపీ పేరుకే ఇన్‌ఛార్జి. పని నీదే కదా!" అన్నాడు. ఓదార్పు అన్నమాట!

ఇంటికెళ్తే నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఎలగయిందమ్మా?"

"బాగా నడిచింది నాన్నా."

"మరి కుర్సీ?"

"కలకత్తా నుంచి వేరే అతను వచ్చినాడు."

నాన్న గుమ్మంలోంచి లేచినాడు. "అన్నం తిను" అని లోపలికి వెళ్లిపోయినాడు. పరీక్ష అయిపోయింది, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఆ రైల్వేకే తెలియాలి.

మర్నాడు పళ్లు నూరుకుంటూ వెళ్లి మొదటి పని అదే చేసినాను. "సర్వర్" పేరు నాది, ఎవడొచ్చి చెప్పినా రాయకు అని గట్టిగా తాళం వేసినాను. కొట్టి చూసినాను. నా పేజీ, కింద నా పేరు. కళ్లు తుడుచుకున్నాను.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మేడమ్ పంపితే వాళ్ల స్కూల్ మాస్టార్లు ఇద్దరు ల్యాబ్ చూడటానికి వచ్చినారు. "సర్వర్" అని కొట్టినారు. నా పేజీ తెరుచుకుంది. మొహాలు మొహాలు చూసుకున్నారు. "మేడమ్ చెప్పింది ఇది కాదే. సముద్రం ఏది? పాట ఏది?"

దాదా పరుగెత్తుకొచ్చినాడు. "మాధొబీ! నెట్‌వర్క్ ఏం చేసినావు? నిన్న బాపీ చేసి పెట్టినప్పుడు ఎంత బాగుంది! ముట్టుకోకు అన్నానా లేదా?"

బాపీ లాప్‌టాప్‌తో సహా పొద్దున్న లోకల్‌కే కలకత్తా వెళ్లిపోయినాడు. పేజీ కాపీ ఒక ఫ్లాపీలో వాళ్ల అక్క దగ్గర ఉందట. తెప్పించినారు. నా సర్వర్‌లో, నా చేతుల్తో, నా పేజీ తీసేసి బాపీని ఎక్కించినాను. సముద్రం, గులాబీలు, పాట, అన్నీ. మాస్టార్లు తృప్తిగా తలలు ఊపినారు.

అంతటితో ఊరుకున్నానా? ఫొటోలో వాడి మొహం సగం నీడలో పడింది. మొదటి రోజు గాభరాలో గమనించలేదు గానీ, తీరిగ్గా చూస్తే బాగాలేదు. ఎంతైనా నా సర్వర్ కదా, మసగ్గా కనిపిస్తే నాకే చిన్నతనం అని, కూర్చుని బ్రైట్‌నెస్ కూడా నేనే పెంచినాను!