సోమవారం తీగ మీద చొక్కా

ఇరవై రెండేళ్లు సోమవారం పొద్దున వెర్నా లేచేసరికి నేలమాళిగలో నీళ్లు కాగుతూ ఉండేవి. భర్త ఆర్విల్ పాలకేంద్రానికి వెళ్లబోతూ పెద్ద గంగాళం నింపి, పొయ్యి అంటించి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ నీళ్లు ఆమే మోసుకుంటోంది. సగం గంగాళమే పెడుతుంది. ఉతకడానికి అన్ని బట్టలు లేవు మరి.

ఆల్డెన్ బ్లఫ్ ఊళ్లో ఆడవాళ్లంతా సోమవారమే ఉతుకుతారు. దుప్పట్లు వీధివైపు తీగ మీద, లోబట్టలు వాటి చాటున, మగవాళ్ల చొక్కాలు వీధి తీగ చివర తలకిందులుగా. తీగ చూసి ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి బిడ్డకు ఒంట్లో బాగాలేదో చెప్పేస్తారు. అక్టోబరులో ఆర్విల్ పోయిన దగ్గర్నుంచి వెర్నా తీగ చివర బారెడు ఖాళీ. దారిన పోయేవాళ్లు అక్కడికొచ్చేసరికి తల తిప్పుకునేవారు. ఆమె కోసమే అలా చేస్తున్నారని ఆమెకు తెలుసు.

ఏప్రిల్ వానలకు చూరుగొట్టం ఊడి వేలాడింది. కలప అడితిలో పనిచేసే ఎమెట్ క్వాల్ శనివారం నిచ్చెన తెచ్చుకుని వచ్చాడు. యాభైకి దగ్గరపడినవాడు, పెళ్లి చేసుకోలేదు, మాట తక్కువ. గొట్టం కదిపేసరికి చలికాలమంతా కుళ్లిన ఆకులు, బురద అతని మీదే పడ్డాయి.

"ఆ చొక్కా ఇలా ఇవ్వండి, ఎమెట్ గారూ."

"పర్లేదండి. బురద నాకేం కొత్త కాదు."

"నా వరండాకి కొత్తే. ఇవ్వండి."

ఆమె బీరువాలోంచి ఆర్విల్ గళ్ల చొక్కా తీసి ఇచ్చింది. ఆ చొక్కా చేతులు అతనికి పొట్టయ్యాయి. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. "మంగళవారం లా క్రాస్‌లో మా అక్కని చూడ్డానికి వెళ్తున్నాను. మీరూ వస్తే బావుంటుంది. రావాలని బలవంతమేం లేదు." ఒంటరి మగవాడు ఒక ఆడమనిషిని తన అక్క దగ్గరికి తీసుకెళ్లడమంటే ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. వెర్నాకూ తెలుసు. "చూద్దాం లెండి," అని మాత్రం అంది.

సోమవారం ఎమెట్ వదిలి వెళ్లిన బురద చొక్కా ఉతికి, జాడించి, వీధి తీగ చివర తలకిందులుగా వేసింది. లోపలికొచ్చి రొట్టెపిండి కలపడానికి కూర్చుంది. పదకొండు గంటలకు పక్కింటి గెర్డా ఓస్ట్‌బీ కంచె దగ్గరికి వచ్చి పిలిచింది.

"ఏమ్మా, చుట్టాలెవరైనా వచ్చారా?"

"లేదే. ఎందుకండీ?"

"ఏం లేదులే. పొడుగు చేతుల చొక్కా ఎండుతుంటేనూ. మీ ఆయన చొక్కా ఏమో మొన్న ఇంకొకరి ఒంటిమీద మెయిన్ స్ట్రీట్ అంతా షికారు చేసింది. చొక్కా ఇక్కడే మార్చుకున్నారేమో అనుకున్నాం."

వెర్నా తీగవైపు చూసింది. లోపలి తీగ ఖాళీగానే ఉంది. దుప్పటి చాటున వేసుంటే ఎవరికీ కనిపించేది కాదు. నేలమాళిగలో ఆరేసినా సరిపోయేది. తన చేతులు వాటంతటవే అక్కడికే ఎందుకు వెళ్లాయి?

మధ్యాహ్నం ఆడపడుచు థెల్మా వచ్చింది. టోపీ కూడా తియ్యకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"మరిచిపోయి వేశావా, తెలిసే వేశావా వదినా? ఏదో ఒకటి చెప్పు. మరిచిపోయానంటే ఊరందరికీ నేనే చెప్పుకుంటాను."

"నాకే తెలీదు, థెల్మా."

"తెలీకపోవడమేంటి? చెయ్యి నీది, చొక్కా అతనిది."

"చెయ్యి నాదే. అదే అర్థం కావడం లేదు."

థెల్మా కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పింది. "రేపు అతనితో వెళ్తావా?"

"అదీ తెలీదు."

"ఇంకా ఏడాదైనా కాలేదు. నువ్వు వెళ్తే గురువారం బొంతలు కుట్టే చోట నీ పక్కన కూర్చుని సూది తిప్పడం నా వల్ల కాదు. ఆదివారం చర్చిలో మా వరసలో నీ చోటు కూడా..." మాట పూర్తి చెయ్యలేదు. గొంతు తగ్గించి అంది. "శనివారం కసాయి కొట్టు ముందు ఆ గళ్ల చొక్కా వెనకనుంచి చూశాను. అన్నయ్యే అనుకున్నాను. పిలవబోయాను కూడా. ఎంత సంతోషమేసిందో. తర్వాత మొహం కనిపించింది."

వెర్నా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. థెల్మా లేచి నిలబడింది. "ఇస్త్రీ చేసి ఎవరిచేతనైనా పంపించెయ్యి. అంతటితో సరిపోతుంది," అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వెర్నా ఆర్విల్ నవ్వు గుర్తు చేసుకోబోయింది. దగ్గు గుర్తొచ్చింది, నవ్వు రాలేదు. ఎమెట్‌ను తలుచుకుంది. అతని మీద ప్రేమో, బారెడు ఖాళీ మీద బెంగో విడదీయడం ఆమె వల్ల కాలేదు. ఊరు అంటున్నదేదో తనకన్నా ఊరికే ముందు తెలిసిందా, లేక ఊరు అనడం వల్లే తనలో పుట్టిందా? వెళ్లకపోతే థెల్మా పక్కన చోటు ఉంటుంది. అదొక్కటే ఖాయంగా తెలిసిన సంగతి. ఆ చోటు మీద మాత్రం ఆమెకు నిజంగా ప్రేమే.

మంగళవారం ఇస్త్రీ. ఆమె బట్టలన్నిటి మీదా నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటీ చుట్టచుట్టి బుట్టలో పేర్చింది. ఎమెట్ చొక్కా అన్నిటికన్నా పైన పెట్టింది. ఇస్త్రీపెట్టె వేడెక్కింది. వీధిలో ఎమెట్ కారు ఆగిన చప్పుడైంది. గెర్డా వంటింటి కిటికీ తెర కదిలింది.

తడి చుట్టలు అలా వదిలేస్తే సాయంత్రానికి ముక్కిన వాసన వస్తుందని ఏ ఆడదానికైనా తెలుసు. చొక్కా ఒక్కటైనా చేసెయ్యొచ్చు, ఐదు నిమిషాల పని. చేసి అతని చేతికిస్తే అతను వెళ్లిపోతాడు, అంతటితో సరిపోతుంది.

వెర్నా ప్లగ్గు పీకింది. థెల్మా చెప్పినవన్నీ నిజమే అనుకుంటూనే ఉంది. అక్కడికి వెళ్లాక అతని అక్క అడిగితే ఏం చెబుతుందో తెలియదు. టోపీ పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. బుట్ట అక్కడే వదిలేసి, దాని మీద గుడ్డయినా కప్పకుండా వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది.